ఖాళీ గడిలో తెల్ల ఎక్స్

సోమవారం పొద్దున్నే ఎల్ద్రిడ్ మౌసు పట్టుకుని తెరమీద ఒక గీతను వేలెడంత కుడికి లాగింది. అంతే, క్రోక్‌వీక్ లాంచీల కంపెనీ వెబ్ పేజీ కొంప మునిగింది. మంగళవారం వెళ్ళి బుధవారం కింద పడింది. తొమ్మిదింటి లాంచీ పేజీ అంచు దాటి ఎటో పోయింది. పైన ఉండాల్సిన కంపెనీ బొమ్మ సాగి సాగి చాపలా పరుచుకుంది.

"నేనేం చెయ్యలేదే తల్లీ! ఊరికే కాస్త జరిపానంతే" అంది ఎల్ద్రిడ్, రెండు చేతులూ పైకెత్తి.

"జరపకూడదు" అంది రాగ్నా.

"మరి జరపడానికి కాకపోతే ఆ గీత అక్కడెందుకున్నట్టు?"

రాగ్నా ఆవిడ చేతిలోంచి మౌసు తీసుకుంది. వంగి, మీట నొక్కి, జరిగినదాన్ని వెనక్కి తిప్పింది. వారాలన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఆమె మాత్రం నిలబడలేక పక్క కుర్చీలో కూలబడింది. శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

రాగ్నాకు నలభై ఒకటి. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో కూర్చుని లాంచీల వేళలు టైపు చేస్తోంది. ఏ లాంచీ ఎన్ని గంటలకు ఏ దీవిలో ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఆ వేళకు ఆ దీవి దగ్గర నీళ్ళు ఏ రంగులో ఉంటాయో ఆమెకు తెలియదు. కిటికీ అవతలే రేవు ఉంది. లాంచీలు అందులోంచే వస్తాయి, పోతాయి. ఆమె టైపు చేసిన వేళ ప్రకారమే పోతాయి, ఆమెను ఎక్కించుకోకుండా.

ముప్ఫై తొమ్మిదో ఏట ఆమెకు ఇక చాలనిపించింది. సాయంత్రం బడిలో చేరి కళాసీ పని నేర్చుకుంది. మోకులు విసరడం, ముళ్ళు వెయ్యడం, మనిషి నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో, అన్నీ. పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. ఇన్నాళ్ళకు సరంగు ఇంగ్వాల్ లాంచీలో ఒక కళాసీ చోటు ఖాళీ అయింది. ఈ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుంబావు లాంచీతో ఆమె పని మొదలవ్వాలి. రాకపోతే ఆ చోటు జాబితాలో తరవాతి మనిషికి పోతుంది. ఆ తరవాతి మనిషికి ఇరవై రెండేళ్ళు. ఆ చోటు మళ్ళీ ఖాళీ అయ్యేసరికి రాగ్నా పింఛను తీసుకుంటూ ఉంటుంది.

మేనేజరు హాల్వర్ అడ్డు చెప్పలేదు. ఆయన మంచివాడు, దేనికీ గట్టిగా అడ్డు చెప్పడు, షరతులు పెడతాడు. "వెళ్ళు, నాకేం అభ్యంతరం లేదు. కానీ వేసవి టైంటేబుల్ పేజీలోకి ఎక్కాలి. ఎల్ద్రిడ్ నీ సాయం లేకుండా దాన్ని మార్చగలగాలి. శుక్రవారం నా కళ్ళముందు మారిస్తే అప్పగింత కాగితం మీద ముగ్గురం సంతకాలు పెడదాం" అన్నాడు.

ఎల్ద్రిడ్‌కు యాభై ఎనిమిది. ఊళ్ళో పోస్టాఫీసు మూసేస్తే ఆవిడను ఇక్కడ సర్దారు. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు గళ్ళ అరలో వేసిన మనిషి, చెయ్యి తప్పదు, మాట తప్పదు. అలాంటి ఆవిడే ఒక గీత జరిపి పేజీని చాప చేసిందంటే తప్పు ఆవిడది కాదు. ఆ సంగతి రాగ్నాకు సోమవారమే తెలుసు. ఒప్పుకోవడానికి బుధవారం దాకా పట్టింది.

అయిదేళ్ళ కిందట కంపెనీ రాగ్నాను మూడు రోజుల శిక్షణకు పంపింది. వెబ్ పేజీలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కడ నేర్పారు. పేజీ అంటే పట్టికేనని చెప్పారు. బొమ్మ ఎడమ పక్కన నిలబడాలంటే పట్టికలో ఒక గడి, మాటలు కుడి పక్కన ఉండాలంటే ఇంకో గడి. గీతల మందం సున్నా పెడితే చూసేవాళ్ళకు పట్టిక ఉన్నట్టే తెలియదు. అప్పట్లో లోకమంతా అలాగే చేసేది. రాగ్నా తిరిగొచ్చి ఒక పెద్ద పట్టిక వేసి, దాని గడిలో టైంటేబుల్ పట్టిక పెట్టింది. చక్కగా పనిచేసింది.

మంగళవారమంతా ఎల్ద్రిడ్ నోటుబుక్కులో రాసుకుంది. ఎడమ నుంచి మూడో గడి, దాని లోపలి పట్టికలో రెండో వరస, ఆ వరస లోపలి పట్టికలో కలిపేసిన రెండు గళ్ళు. నాలుగో పేజీకి వచ్చేసరికి కలం పక్కన పెట్టింది.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. ఈ పట్టిక లోపల ఇంకో పట్టిక దేనికి?"

"అది పైదాన్ని పట్టుకోవడానికి."

"దాని లోపలిది?"

"అది... దాన్ని పట్టుకోవడానికి."

"మరి అన్నిటికన్నా అడుగున ఉన్నది దేన్ని పట్టుకుంది?"

రాగ్నా కిటికీ వైపు చూసింది. మంచు పడుతూ ఆగుతూ ఉంది. రేవులో ఇంగ్వాల్ లాంచీ ముక్కు నీళ్ళమీద నెమ్మదిగా ఊగుతోంది.

బుధవారం మధ్యాహ్నం రొట్టె ముక్కల మీద తియ్యటి గోధుమరంగు చీజు పెట్టుకుని తింటున్నప్పుడు ఆమె నిజం చెప్పేసింది.

"రెండువేల ఒకటిలో మనుషుల్ని తీసేశారు చూడు. తొమ్మిదిమందిమి అయిదుగురం అయ్యాం. తరవాత నా వంతే అనుకున్నాను. భయమేసింది, ఎల్ద్రిడ్. అప్పుడు ఆ పట్టిక లోపల పట్టిక పెట్టుకుంటూ పోయాను. పదకొండు ఉన్నాయి. రెండు చాలు. నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదని అలా చేశాను."

ఎల్ద్రిడ్ నమలడం ఆపింది. "అంటే, నిన్ను బయటికి తోసెయ్యకుండా తాళం వేసుకున్నావు."

"అవును."

"లోపల్నుంచి."

"అవును."

"తాళంచెవి ఏం చేశావు మరి?" అని ఎల్ద్రిడ్ ఫక్కున నవ్వింది. నవ్వాక రాగ్నా మొహం చూసి ఊరుకుంది. "సరే, లే. కూల్చేద్దాం. పదకొండూ పీకి పారేసి ఒక్కటి వేద్దాం. ఉత్తరాల అరలాగా, రోజుకో నిలువు, దీవికో అడ్డం. అది నేను కళ్ళు మూసుకుని చేస్తా."

అలా మొదలుపెట్టారు. పీకడానికే ఒక పూట పట్టింది. రాగ్నాకు ఒక్కో పట్టిక తీసేస్తుంటే ఒంటిమీది తడిబట్ట ఒలుస్తున్నట్టుండేది. చలీ వేసేది, హాయిగానూ ఉండేది. పాతదాన్ని మాత్రం ఒక పక్కన భద్రంగా దాచి ఉంచింది, అలవాటు.

టైంటేబుల్ గళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎల్ద్రిడ్ మౌసుతో మొత్తం పట్టికను ఒక్కసారి మెరిపించింది, ఎంచుకున్న అక్షరాలన్నీ రంగు తిరగబడేలా. ఖాళీగా ఉండాల్సిన గళ్ళన్నిట్లో ఒక్కసారిగా ఎక్స్‌లు లేచాయి. పట్టిక నిండా ఎక్స్‌లు.

"అయ్యబాబోయ్! ఇవేంటి, ఎక్కడ దాక్కున్నాయి?"

"ఖాళీ గడిని ఈ సాఫ్ట్‌వేర్ నిలబెట్టదు" అంది రాగ్నా, తలదించుకుని. "లోపల ఏమీ లేకపోతే గడి ముడుచుకుపోతుంది, పక్క గళ్ళు వచ్చి మీద పడతాయి. ఏదో ఒక అక్షరం ఉండాలి. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరం పెట్టాను. కనబడదుగా."

"అక్షరాలన్నిట్లోకీ ఎక్సే దొరికిందా నీకు?"

"కీబోర్డు మీద వేలికి అందింది అదే."

లాంచీల టైంటేబుల్లో ఎక్స్ అంటే ఆ తీరంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. వేళ రాసి ఉంటే లాంచీ ఆగుతుంది. ఏమీ లేకపోతే ఆగదు. ఎక్స్ ఉంటే, ఫోన్ చేసి పిలిస్తే ఆగుతుంది. కనబడని అక్షరానికి అర్థమేముంటుందని రాగ్నా ఎన్నడూ ఆలోచించలేదు. ఎవరు చూడొచ్చారు?

గడి ముడుచుకోకుండా ఉత్త జాగా మాత్రమే పట్టే గుర్తొకటి ఉందని ఎల్ద్రిడ్ సహాయ పుస్తకంలో వెతికి పట్టుకుంది. మొదటి రోజే చదవాల్సిన పుట అది. రాగ్నా అయిదేళ్ళలో ఆ పుట తెరవలేదు. ఎక్స్‌లన్నీ చెరిపి ఆ గుర్తు పెట్టారు. గురువారం సాయంత్రానికి కొత్త పేజీ ఎక్కింది. ఒకే పట్టిక, తెల్లగా, తేలిగ్గా. ఎల్ద్రిడ్ గీతను వేలెడంత కుడికి జరిపింది. గీత వేలెడంత కుడికి జరిగింది.

"చూశావా" అంది ఎల్ద్రిడ్, "జరపడానికేనే అదుంది."

శుక్రవారం ఆఫీసులో వాఫుల్స్ రోజు. ప్రతి శుక్రవారం హాల్వరే చొక్కా చేతులు మడిచి, పొయ్యి పక్కన నిలబడి గళ్ళ అట్ల అచ్చులో పిండి పోస్తాడు. పదకొండు గంటలకు గరిటె చేతిలో పట్టుకునే వచ్చి ఎల్ద్రిడ్ వెనక నిలబడ్డాడు. ఆవిడ రెండు వేళలు మార్చింది, ఒక అడ్డవరస కలిపింది, తీసేసింది. పేజీ చెక్కు చెదరలేదు.

"ఇంతేనా!" అన్నాడు హాల్వర్. "ఇన్నేళ్ళూ ఇదేదో బ్రహ్మవిద్య అనుకున్నానే. రాగ్నా, నువ్వు పోతే మేమంతా ఏమైపోతామో అని నాకు నిద్ర పట్టేది కాదు తెలుసా."

అప్పగింత కాగితం తెచ్చాడు. 'పేజీలోని పట్టిక, జిల్లా ఆమోదించిన టైంటేబుల్‌తో సరిపోయింది' అని ఒకే వాక్యం, కింద మూడు గీతలు. ఎల్ద్రిడ్ సంతకం పెట్టింది. హాల్వర్ పెట్టాడు. రాగ్నా బల్లకింద సంచి వైపు చూసుకుంది. అందులో కొత్త రబ్బరు బూట్లు ఉన్నాయి. కలం తీసుకుంది.

ఫోన్ మోగింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు, చెయ్యి కలం వదిలి ఫోన్ ఎత్తింది.

"సోర్‌హోల్మ్ నుంచి ఆమున్‌ని మాట్లాడుతున్నానమ్మా. ఇవాళ లాంచీ రాదా?"

ఆమున్ అంటే సోర్‌హోల్మ్ దీవిలో ఒంటరిగా ఉండే ముసలాయన. ఎనభై దాటాయి. కళ్ళు పోయి పదేళ్ళయింది. రాగ్నా ఆయన గొంతు వినడం ఇదే మొదలు.

"శుక్రవారం సోర్‌హోల్మ్‌కు లాంచీ లేదండీ. సోమవారం, గురువారం, అంతే."

"అదేంటి? మూడేళ్ళబట్టీ ప్రతి శుక్రవారం వస్తున్నాగా. నా కంప్యూటరు చదివిపెడుతుంది, మీ పేజీ. గడి గడీ పైకి చదువుతుంది. సోర్‌హోల్మ్, శుక్రవారం, ఎక్స్. నేను సరంగుకు ఫోన్ చేస్తాను, ఇంగ్వాల్ వచ్చి ఎక్కించుకుంటాడు. ఇవాళేమో సోర్‌హోల్మ్, శుక్రవారం అని నోరు మూసుకుంది. మిషను పాడైందేమోనని రెండుసార్లు చదివించా."

రాగ్నాకు చెరిపేసిన తెల్ల ఎక్స్‌లు గుర్తొచ్చాయి. గడియారం చూసింది. పదకొండూ పది.

"శుక్రవారం మీకు ఊళ్ళో ఏం పనండీ?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్న కాదు, కాలం సాగదియ్యడానికి అడిగింది.

"వేణ్ణీళ్ళ కొలను. ముసలాళ్ళకు శుక్రవారం మూడింటికేగా తెరిచేది. అందులో దిగితే చేతికర్ర అక్కర్లేదమ్మా. పడితే నీళ్ళమీదే పడతాను. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాను, బయట తాడు పట్టుకుని నడుస్తాను. అక్కడొక్కచోటే ఏదీ పట్టుకోకుండా నడుస్తా, ఈ చివర నుంచి ఆ చివరకు. వారానికి ఒక గంట." కాస్త ఆగాడు. "తీసేశారా ఎక్సుని? తీసేస్తే తీసేశామని చెప్పమ్మా, పర్లేదు. స్నానం సంచి సర్దుకుని కూచున్నా, విప్పేసుకుంటా."

"మళ్ళీ ఫోన్ చేస్తానండీ, సంచి విప్పకండి" అని పెట్టేసింది.

వెంటనే ఇంగ్వాల్‌కు చేసింది. రేవులో లాంచీ కనబడుతూనే ఉంది, లోపల అతను ఫోన్ ఎత్తడం కూడా కిటికీలోంచి కనబడింది.

"రా రా, ఇంకా ఆఫీసులోనే ఉన్నావేంటి? మోకు నీకోసం ఎదురుచూస్తోంది" అన్నాడు సరంగు.

"ఇంగ్వాల్, శుక్రవారాలు సోర్‌హోల్మ్‌కు ఎందుకు వెళ్తున్నావు?"

"పట్టికలో ఎక్స్ ఉందిగా. ముసలాయన ఫోన్ చేస్తాడు, నేను వెళ్తా. మొదట్లో నేనూ పేజీ తెరిచి చూశా, నాకేం కనబళ్ళా. నీకు కనబడకపోతే నా తప్పా, నా మిషను అబద్ధమాడదు అన్నాడు. గుడ్డాయన చదవగలిగింది నేను చదవలేకపోయానంటే సిగ్గుచేటు కదా, ఊరుకున్నా."

"ఎక్స్ లేదనుకో?"

"లేకపోతే ఎట్లా వెళ్తా? పట్టికలో లేని రేవుకి లాంచీని తిప్పితే నా లైసెన్సు పోతుంది. ఏం, తీసేశారా?"

రాగ్నా ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వెళ్ళింది. హాల్వర్ ఒక వాఫుల్‌ను అచ్చులోంచి విడదీస్తున్నాడు. మొత్తం చెప్పింది. తెల్ల ఎక్స్, ముడుచుకునే గళ్ళు, కొలను, ఏదీ దాచలేదు.

హాల్వర్ వాఫుల్ పళ్ళెంలో పెట్టాడు.

"పాపం, ముసలాయన. కానీ జిల్లా ఒప్పుకున్నది రెండు రోజులే రాగ్నా. ఒక దీవికి ఎక్స్ ఇస్తే మిగతా పదకొండు దీవులూ సోమవారం నా గుమ్మంలో ఉంటాయి. నేను పెట్టలేను."

"మూడేళ్ళు ఉందిగా. ఎవరికీ నష్టం రాలేదుగా."

"ఉందనడానికి లేదు. పొరపాటున ఉంది. పొరపాటు అయితే తేడా రిపోర్టు రాయాలి."

తేడా రిపోర్టు హాల్వర్ ముద్దుబిడ్డ. ఆఫీసులో ఏది జరగాల్సినట్టు జరగకపోయినా ఒక ఫారం నింపాలి. కాఫీ ఫ్లాస్కు మూత విరిగితే కూడా నింపాలి. ఆ మూత కేసు పంతొమ్మిది నెలలు నడిచింది. కమిటీ ఏడాదికి రెండుసార్లే కూర్చుంటుంది మరి.

"రాస్తే ఏమవుతుంది?" అంది రాగ్నా.

"ఏమవుతుంది, తేడా జరిగిన స్థితిలోనే దాన్ని ఉంచాలి, కమిటీ చూసేదాకా. అంటే పాత పట్టిక మళ్ళీ..." హాల్వర్ ఆగాడు. తను రాసిన నిబంధన తనకే గుర్తొచ్చి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "పాత పట్టిక మళ్ళీ పెట్టాలి. ఎక్స్‌లతో సహా."

"కమిటీ తేల్చేదాకా ఇంగ్వాల్ వెళ్ళొచ్చు."

"వెళ్ళాలి. పట్టికలో ఉంటే వెళ్ళాలి. కానీ రాగ్నా, ఆ తరవాతి పేరా మర్చిపోకు. తేడా ఎవరివల్ల జరిగిందో వాళ్ళు కేసు ముగిసేదాకా పని మారకూడదు. నువ్వు ఇక్కడే ఉండాలి. ఆ పదకొండు పట్టికలతో. ఏడాది, ఏడాదిన్నర." గరిటె పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. "చూడు, నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు. పేజీ ఇప్పుడు సరిగ్గా ఉంది, కాగితం మీద సంతకం పెట్టి పడవెక్కు. పద్దెనిమిదేళ్ళు చేశావు, చాలదూ?"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే రాగ్నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

పదకొండున్నరకు ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒక పక్క అప్పగింత కాగితం ఉంది, ఒక్క సంతకం దూరంలో. కిటికీ అవతల లాంచీ పొగ వదులుతోంది. ఎల్ద్రిడ్ అంతా విన్నది, తలుపు తెరిచే ఉందిగా.

"సంతకం పెట్టు" అంది ఎల్ద్రిడ్. "ఆయన ఒక గంట నీళ్ళలో నడవడానికి నువ్వు ఏడాదిన్నర కుర్చీలో కూర్చుంటావా? లెక్కకు ఆనదమ్మా. ఆయన కోసం ఊళ్ళో ఇంకోదారి చూద్దాం. జిల్లాకు ఉత్తరం రాద్దాం."

"వాళ్ళెప్పుడు జవాబిస్తారు?"

ఎల్ద్రిడ్ ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. జిల్లా ఆఫీసు ఉత్తరాలు ఎంత నెమ్మదిగా వస్తాయో ఆవిడకు తెలుసు.

రాగ్నాకు ఆ ముసలాయన మీద ఒళ్ళు మండింది. ఇవాళే ఫోన్ చెయ్యాలా, అయిదు నిమిషాలు ఆగలేడా! సంతకం అయిపోయేది. తనకేం తెలిసేది కాదు. మూడేళ్ళు తెలియకుండా ఒకరికి మేలు చేసింది, తెలియకుండానే మానేసేది, లాంచీలో నిలబడి ఆ దీవి పక్కనుంచే పోయేది. ఇప్పుడు పోతే చూడక తప్పదు. శుక్రవారం శుక్రవారం చూడాలి. ఆయన రేవులో నిలబడి ఉంటాడని కాదు, నిలబడడు. ఇంట్లో గోడ పట్టుకుని ఉంటాడు. అది ఇంకా ఘోరం.

తనే కట్టిన గదిలోకి తనే నడిచి వెళ్ళడం కంటే పిచ్చిపని లేదనుకుంది. అనుకుంటూనే సొరుగు తీసింది. తేడా రిపోర్టు ఫారం పైనే ఉంది. అదీ ఒక పట్టికే. ఎడమ గడిలో 'ఎప్పుడు', కుడి గడిలో రాయాలి. ఎడమ గడిలో 'ఏం జరిగింది', కుడి గడిలో రాయాలి. 'ఎవరివల్ల' అన్న గడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"పిచ్చిదానా" అంది ఎల్ద్రిడ్, మెల్లగా. "నా పేరు రాయి. నేనెక్కడికి పోవాలి గనక?"

"నువ్వొచ్చి మూడు వారాలైంది. ఎక్స్ వచ్చి మూడేళ్ళైంది. ఎవరు నమ్ముతారు?"

తన పేరే రాసింది. అక్షరాలు నిటారుగా, గడి దాటకుండా పడ్డాయి.

ఆ తరవాత అన్నీ చకచకా జరిగిపోయాయి, బాధ కలిగించేవి ఎప్పుడూ అంతే. హాల్వర్ ఫారం చదివి, ఏమీ అనకుండా ముద్ర వేశాడు. అప్పగింత కాగితాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాగ్నా దాచి ఉంచిన పాత పేజీని తెరిచి పైకి ఎక్కించింది. పట్టికలో పట్టిక, అందులో పట్టిక, పదకొండూ వాటి చోట్లలోకి వచ్చి కూర్చున్నాయి. సోర్‌హోల్మ్ వరసలో శుక్రవారం గడి తెల్లగా, ఖాళీగా కనబడింది.

పన్నెండుకు అయిదు నిమిషాలు ఉన్నాయనగా ఇంగ్వాల్‌కు ఫోన్ చేసింది.

"సోర్‌హోల్మ్‌కు ఎక్స్ ఉంది."

"పేజీ తెరిచే ఉంది ఇక్కడ. నాకేం కనబడట్లా."

"కనబడదు. ఉంది."

"నువ్వు చెబితే ఉన్నట్టే. లాంచీ మీదికి ఎప్పుడొస్తున్నావు? మోకు విప్పాలి."

"రావట్లేదు" అంది రాగ్నా. "తరవాతి మనిషికి ఫోన్ చెయ్యి. ఇవాళ్టికి మోకు నువ్వే విప్పుకో."

"అదేంటి? ఎందుకు రావు?"

రాగ్నా ఫోన్ పెట్టేసి ఆమున్ నంబరు తిప్పింది.

"వస్తున్నాడండీ, పన్నెండున్నర ప్రాంతంలో. ఎక్స్ ఉంది. మీ మిషనుతో ఇంకోసారి చదివించుకోండి."

అటుపక్క టకటకా మీటలు నొక్కిన చప్పుడు, ఆ వెంటనే రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతు వినిపించాయి. సోర్‌హోల్మ్, శుక్రవారం, ఎక్స్. ముసలాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అదీ! నేను చెప్పలా, అబద్ధమాడదని. ఎవరు బాగుచేశారమ్మా?"

"ఇక్కడ ఒకరున్నారు" అంది రాగ్నా.

"వాళ్ళకు దండాలు చెప్పు. వాళ్ళు మానెయ్యకుండా చూసుకో."

పన్నెండుంబావుకు లాంచీ కూత వేసింది. రాగ్నా కిటికీ దగ్గర నిలబడింది. శుక్రవారాలు నేరుగా ఉత్తరానికే పోతుందని ఆమె ఇన్నేళ్ళూ చూడకుండానే అనుకున్న లాంచీ రేవు గోడ దాటగానే ఎడమవైపు తిరిగింది. ఆమె టైపు చేసిన ఒక అక్షరం కోసం, ఎవరికీ కనబడని అక్షరం కోసం, అంత లాంచీ నెమ్మదిగా తిరిగి వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేసిన పనుల్లో ఇదొక్కటే కళ్ళకు కనబడింది. గర్వపడాలేమో. ఆమె మాత్రం వచ్చి కూర్చుని, బూట్ల సంచిని కాలితో బల్లకింద ఇంకా లోపలికి తోసింది.

ఎల్ద్రిడ్ వాఫుల్ తెచ్చి బల్లమీద పెట్టింది. నోటుబుక్కు తెరిచి నాలుగో పేజీ దగ్గర కలం పట్టుకుని కూర్చుంది. "చెప్పు. ఎడమ నుంచి మూడో గడి. లోపల ఏముంది?"

రాగ్నా చెప్పింది. మూడింటికి ఒకసారి గడియారం చూసుకుంది. ఈపాటికి ఆయన నీళ్ళలో దిగి ఉంటాడు, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని ఏదీ పట్టుకోకుండా నడుస్తూ ఉంటాడు. నాలుగయ్యేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.